బెజవాడ రోడ్డు మీద రెండు దేశాలు

పుణే నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద, పటంలో వేలు పెట్టి నడిపిస్తే ఒక సంగతి చప్పున తడుతుంది. 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు సంస్థానం మీదికి భారత సైన్యం కదిలిన రెండు పెద్ద దారులూ ఈ ఒక్క రోడ్డువే. పడమటి కొసన షోలాపూరు దళం, తూర్పు కొసన బెజవాడ దళం. అటు నల్దుర్గ్, ఉమర్గా, జహీరాబాదు. ఇటు జగ్గయ్యపేట, కోదాడ, సూర్యాపేట. షోలాపూరు వైపు కథ పుస్తకాల్లో పుష్కలంగా దొరుకుతుంది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి అటునుంచి వచ్చాడు, లొంగుబాటు అందుకున్నది ఆయనే, ఆ తర్వాత మిలిటరీ గవర్నరయిందీ ఆయనే. బెజవాడ నుంచి కదిలిన దళానికి నాయకుడు మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర. ఆ పేరు చెబితే కృష్ణా జిల్లా వాళ్లు కూడా ఎవరాయన అని అడుగుతారు. అందుకే తూర్పు కొసను ఊరూరా దిగుతూ చూద్దామని బెజవాడలో బస్సెక్కాను.

పక్క సీటు కుర్రాడి ఫోనులో యుక్రెయిన్ వార్తలు నడుస్తున్నాయి. ఎవరో చర్చలకు ఒప్పుకున్నారు, ఎవరో కాదన్నారు, ఈలోగా ఏదో ఊరి మీద డ్రోన్లు పడ్డాయి. మాటలూ తూటాలూ ఒకేసారి నడవడం మనకు టీవీలో చూసే వింతలా ఉంటుంది. కానీ 1947 నవంబరు నుంచి పది నెలలపాటు ఈ మెట్ట తాలూకాల్లో జరిగింది సరిగ్గా అదే.

ఇబ్రహీంపట్నం దాటి కొంతదూరం పోగానే పరిటాల. 2003లో నిలబెట్టిన 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం కారణంగా ఇప్పుడు ఆ ఊరు అందరికీ తెలుసు. బస్సుల్లోంచే దణ్ణాలు పెట్టుకుంటారు. నేను దిగింది వేరే పనికి. ఈ ఊరు 1947 ఆగస్టు 15న భారతదేశంలో లేదు. చుట్టూ కృష్ణా జిల్లా, మధ్యలో పరిటాల, గని ఆత్కూరు, కొడవటికల్లు, బత్తినపాడు వగైరా ఏడూళ్లు మాత్రం నిజాంవి. పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసినప్పుడు ఈ కాసిని ఊళ్లను నిజాం తన కిందే అట్టిపెట్టుకున్నాడు. కారణం వజ్రాలు. గోలకొండ వజ్రాలని లోకమంతా పేరుపడ్డవి గోలకొండలో దొరికినవి కావు. ఈ కృష్ణ ఒడ్డు నేలల్లో తవ్వినవి. ఇవాళ్టికీ చందర్లపాడు మండలం గుడిమెట్లలో తొలకరి వాన పడితే చాలు, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఒంగి ఒంగి రాళ్లు వెతుక్కుంటారు.

గనులు ఎప్పుడో ఒట్టిపోయాయి. జెండా మాత్రం మిగిలింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆగస్టు 15న మూడు రంగుల జెండా ఎగరేసి మిఠాయిలు పంచుకుంటుంటే, పొలంగట్టు ఇవతలి పరిటాల మాత్రం ఆసఫ్‌జాహీ ప్రభువుల ఇలాకా. ఊరివాళ్లు ఎక్కువ కాలం ఓర్చుకోలేదు. ఆ ఏడాది చివర్లోనే నిజాం ఏలుబడి చెల్లదని చాటి, ఏడూళ్లకూ కలిపి సొంత ప్రభుత్వం పెట్టుకున్నారు. దాన్నే పరిటాల రిపబ్లిక్ అంటారు. కొన్నాళ్లు నడిచి, తర్వాత కృష్ణా జిల్లాలో కలిసిపోయింది. ఇంత ముచ్చటైన కథకు రోడ్డు పక్కన ఒక బోర్డయినా ఉంటుందేమోనని అటూ ఇటూ తిరిగాను. సిమెంటు బోర్డులూ, ఇంజనీరింగు కాలేజీ బోర్డులూ, వెంచర్ల బోర్డులూ ఉన్నాయి.

పరిటాలకు ఎదురు కథ మునగాల. కోదాడకు అవతల, నిజాం నేలకు నట్టనడుమ, మునగాల పరగణా కృష్ణా జిల్లాది. నందిగామ తాలూకాలో ఒక ముక్క. అంటే నిజాం ఊళ్లు మన కడుపులో, మన ఊళ్లు నిజాం కడుపులో. బెజవాడ నుంచి సూర్యాపేట పోయే ఎడ్లబండి ఆ రోజుల్లో ఎన్నిసార్లు దేశం మారేదో లెక్కపెట్టి చూడండి. నందిగామ, జగ్గయ్యపేట బ్రిటిషు ఇండియా. వాగు దాటితే కోదాడ నిజాం రాజ్యం. ఇంకాస్త పోతే మునగాల మళ్లీ బ్రిటిషు ఇండియా. అది దాటితే మళ్లీ నిజాం. సరిహద్దు తగాదాల మీద ఢిల్లీలో, హైదరాబాదులో కూర్చుని పటాలు పరిచినవాళ్లకు ఈ అల్లిక అర్థమై ఉంటుందా అని నాకు అనుమానం.

కీసర దగ్గర మున్నేరు దాటి నందిగామలో దిగాను. ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు పుట్టిన ఊరిది. గాంధీ చౌకు చుట్టూ మిర్చి, పత్తి కబుర్లే. టీ కొట్లో కూర్చుని ఆ పది నెలల తేదీలను ఒక వరుసలో పెట్టుకున్నాను.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాముకూ యథాతథ ఒప్పందం కుదిరింది. ఏడాది గడువు. బ్రిటిషువాళ్ల కాలంలో ఎలా ఉండేదో అలాగే ఉంటుంది, ఈలోగా తేల్చుకుందాం అన్నది దాని సారం. ఆ సంతకానికి ముందే అక్టోబరు ఆఖర్లో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ మూకలు నిజాం ప్రధాని ఛత్తారీ నవాబు ఇల్లు చుట్టుముట్టి, ఢిల్లీ బయల్దేరుతున్న రాయబారులను ఆపేశాయి. ఛత్తారీ పదవి వదిలి వెళ్లిపోయాడు, మీర్ లాయక్ అలీ వచ్చాడు. ఢిల్లీ తన ఏజెంట్ జనరల్‌గా కె.ఎం. మున్షీని పంపింది. సికింద్రాబాదులోని భారత సైన్యం ఒప్పందం ప్రకారం 1948 మొదట్లో ఖాళీ చేసి వెళ్లిపోయింది. నా మటుకు నాకు ఆ ఒప్పందంలో ఇదొక్కటే ఖచ్చితంగా అమలైన షరతులా కనిపిస్తుంది.

మిగతాదంతా ఇద్దరూ తూట్లు పొడిచారు. భారత రూపాయి తన రాజ్యంలో చెల్లదని నిజాం ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పాకిస్తానుకు ఇరవై కోట్ల అప్పిచ్చింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానయానికుడు కరాచీ నుంచి రాత్రిళ్లు బీదరుకూ వరంగల్లుకూ తుపాకులు చేరవేశాడు. ఇటు భారత ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకోకుండానే దిగ్బంధం బిగించింది. పెట్రోలు ఆగింది, యంత్రాల విడిభాగాలు ఆగాయి, మందులు ఆగాయి, తాగునీటిలో కలిపే క్లోరిన్ కూడా ఆగింది. ఇక హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు సరిహద్దు పొడుగునా క్యాంపులు పెట్టి, నిజాం కరోడ్‌గిరీ (సుంకం) నాకాల మీద దాడులు చేయించింది. అటునుంచి మజ్లిస్ సాయుధ కార్యకర్తలైన రజాకార్లు వచ్చి ఊళ్ల మీద పడ్డారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వాదన భద్రతా సమితి దాకా వెళ్లింది కానీ, తగలబడిన గడ్డివాములకు ఆ తేడా తెలియదు.

హాలీ రూపాయి సంగతి ఇక్కడివాళ్లకు మరీ దగ్గరిది. నిజాం నాణెం హాలీ, ఇంగ్లీషు నాణెం కల్దారు. నూరు కల్దార్లు ఇస్తే నూట పదహారు హాలీలు, పైన చిల్లర. సరిహద్దు సంతల్లో ఈ మారకం లెక్క గొడ్లు కాసే పిల్లలకు కూడా నోటికి వచ్చేది. అలాంటి చోట ఒక రాత్రి ఒక నాణెం చెల్లదంటే, రాయబారుల భాషలో అది ఒప్పంద ఉల్లంఘన. జగ్గయ్యపేట కోమటి చిట్టా పుస్తకంలో అది రాని బాకీ.

నందిగామ నుంచి జగ్గయ్యపేట పోతూ దారి మళ్లి పెనుగంచిప్రోలు చూశాను. మున్నేటి ఒడ్డున తిరుపతమ్మ గుడి. తిరనాళ్లకు ఖమ్మం, కోదాడ వైపు నుంచి బండ్ల మీద, ఇప్పుడు ట్రాక్టర్ల మీద జనం వస్తారు. అమ్మవారి విగ్రహాలకు రంగులు వేయించాలంటే ఊరేగింపుగా జగ్గయ్యపేట తీసుకెళ్తారు. నేను వెళ్లింది ఇంకో మనిషి కోసం కూడా. కొమర్రాజు లక్ష్మణరావు ఇక్కడే 1877లో పుట్టాడు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివానుగా చేశాడు. 1901లో నిజాం రాజధాని హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టడం వెనుక ఈ దివానూ, ఆ రాజూ ఉన్నారు. విజ్ఞాన చంద్రికా మండలి కూడా ముందు హైదరాబాదులోనే మొదలై తర్వాత మద్రాసు చేరింది. నిజాం నేలలో చిక్కుకున్న ఒక బ్రిటిషు తునక లేకపోతే ఆ రాకపోకలు ఇంత సులువుగా జరిగేవి కావేమో. ఎవరి పాలన కిందా పూర్తిగా పడని చోటు ఒకటి ఉండటం చదువులకు ఎంత మేలు చేసిందో, తర్వాత తుపాకులకూ అంతే మేలు చేసింది.

తుపాకులంటే ప్రధానంగా కమ్యూనిస్టులవి. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. దాని వెన్నుబలమంతా బెజవాడ. కృష్ణా జిల్లా రైతుల ఇళ్లలో దళాలకు అన్నం, ఆశ్రయం, చందాలు దొరికాయి. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకాన్ని ప్రజానాట్యమండలి సర్కారు జిల్లాల్లో ఊరూరా ఆడింది, చివరికి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఇక్కడో తమాషా జరిగింది. 1948 మే నెలలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. అదే వేసవిలో ఇటు మద్రాసు పోలీసులు కృష్ణా జిల్లాలో కమ్యూనిస్టులను వెతికి వెతికి పట్టుకుంటున్నారు. నిన్నటిదాకా ప్రాణం దక్కించుకోవడానికి పాలేటి వాగు ఇటు దాటినవాళ్లు, ఇప్పుడు అటు దాటాల్సొచ్చింది. వాగు అదే.

జగ్గయ్యపేట బజార్లు తిన్నగా, వెడల్పుగా ఉంటాయి. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరున కట్టించిన ఊరు, అంతకుముందు బేతవోలు. ఊరి గుట్ట మీద పాత బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. దానిలో దొరికిన మాంధాత శిల్పం మద్రాసు మ్యూజియంలో ఉంది. అదంతా వేరే యాత్ర. నాకు కావలసింది 1948 చూసిన మనిషి. బంగారు కొట్ల వీధిలో ఒక అరుగు మీద దొరికాడు. తొంభైకి దగ్గరపడ్డవాడు, చెవులు బాగానే ఉన్నాయి.

"కోదాడ అవతల నుంచి బండ్లు కట్టుకొచ్చేవాళ్లండీ. గిన్నెలూ, గేదెలూ, పిల్లలూ అన్నీ ఆ బండ్లోనే. మా చావిట్లో రెండు కుటుంబాలు ఉన్నయ్. మా అమ్మ రోజూ పెద్ద గుండిగతో సంకటి వండేది. క్యాంపు కుర్రాళ్లు వేరే, వాళ్లు సత్రంలో ఉండేవాళ్లు."

"మరి సైన్యం వచ్చింది గుర్తుందా తాతగారూ?"

"ఎందుకు లేదు? మూడ్రోజులు లారీలే లారీలు. పిల్లలం చేతులూపేవాళ్లం. ఆ తర్వాత ఒక పొద్దున లేచేసరికి రోడ్డు ఖాళీ. పెద్ద శబ్దాలేమన్నా వినబడతయ్యేమోనని చెవులు రిక్కించుకు కూర్చున్నాం. ఏమీ లేదు. యుద్ధం యుద్ధం అంటారుగానీ మేం చూసింది దుమ్మేనండీ."

ఈ దుమ్ము మాటకు వెనక ఉన్న కథ ఇది. జూన్‌లో మౌంట్‌బాటెన్ చివరి ముసాయిదాను నిజాం తిరస్కరించాడు. జూన్ 21న మౌంట్‌బాటెన్ దేశం వదిలి వెళ్లాడు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ ప్రసంగాలు వేడెక్కాయి. బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడిగే రోజొస్తుందని అతను అన్నట్టు చెబుతారు. నోటి దురుసుగా అందరూ కొట్టేశారు కానీ అందులో పాత లెక్క ఒకటి ఉంది. 1802 నాటి వ్యాపార ఒప్పందంతో బందరు రేవు వాడుకునే హక్కు నిజాముకు ఉండేది. సముద్రం లేని రాజ్యానికి రేవు మీద ఆశ చావదు, గోవా కోసం పోర్చుగీసులతో బేరాలాడిందీ అందుకే. బందరుకు దారి ఇదే రోడ్డు, ఈ జగ్గయ్యపేట మీదుగానే. ఆ వేసవిలో రజ్వీ మాటను ఇక్కడివాళ్లు నవ్వి వదిలేసి ఉంటారని నేను అనుకోను.

ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం భద్రతా సమితికి తంతి పంపింది. సెప్టెంబరు 11న జిన్నా పోయాడు. 13న సైన్యం కదిలింది. లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహ్‌జీ మొత్తానికి బాధ్యుడు. దీనికి పోలీసు చర్య అని పేరు పెట్టారు. ట్యాంకులూ, విమానాలూ ఉన్న పోలీసులు.

చిల్లకల్లు టోల్‌గేటు దాటితే గరికపాడు, పాలేరు వాగు. ఆ ఉదయం రుద్ర దళం ఇక్కడే అటు దాటింది. హైదరాబాదు లాన్సర్లు హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ కార్లతో అడ్డుకున్నారు. అడ్డుకోవడం గట్టిగానే జరిగిందని సైనిక రికార్డులు చెబుతాయి. అయినా ఎనిమిదిన్నర కల్లా కోదాడ చేతికొచ్చింది, మధ్యాహ్నానికి మునగాల. జగ్గయ్యపేట అరుగుల మీది చెవులకు ఏమీ వినపడకపోవడం అందుకే, యుద్ధం వాళ్లకన్నా వేగంగా నడిచి వెళ్లిపోయింది. మునగాల చేరిన సైన్యం ఒక రకంగా కృష్ణా జిల్లా నుంచి బయల్దేరి, పరాయి నేల దాటి, మళ్లీ కృష్ణా జిల్లాకే చేరింది. ఆపై విమానాలు బాంబులు వేశాక సూర్యాపేట పడింది. వెనక్కి పోతున్న నిజాం సేన మూసీ వంతెనను పేల్చింది కానీ, దాన్ని బాగుచేసేవాళ్ల మీద కాల్పులు జరిపే ఏర్పాటు చేసుకోలేదు. వంతెన త్వరగానే లేచింది. తర్వాత నార్కట్‌పల్లి, చిట్యాల. 17 సాయంత్రం నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు.

మధ్యలో 16న పారిస్‌లో భద్రతా సమితి కూర్చుంది. హైదరాబాదు తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారతదేశం తరఫున రామస్వామి మొదలియారు. ఈ ఫిర్యాదును అజెండాలో పెట్టాలా అన్నదాని మీద ఓటు. ఎనిమిది మంది సరేనన్నారు, ముగ్గురు ఎటూ ఓటేయలేదు. ఆ ముగ్గురిలో సోవియట్ యూనియనూ, అప్పుడు సమితిలో విడిగా కుర్చీ ఉన్న యుక్రెయిన్ రిపబ్లిక్కూ ఉన్నాయి. పక్కపక్కన కూర్చుని ఒకే తీరున తప్పుకున్న ఆ ఇద్దరి సంగతి, బస్సులో కుర్రాడికి చెప్పి ఉండాల్సింది. 22న నిజామే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి కొట్టాడు. అయినా హైదరాబాదు ప్రశ్న దశాబ్దాల తరబడి ఆ సమితి జాబితాలో అలా పడి ఉంది.

గరికపాడులో ఇప్పుడు రాష్ట్రాల సరిహద్దు. 2014 జూన్ 2 తర్వాత తిరిగొచ్చిన గీత ఇది. 2021 మే నెలలో కరోనా రోగులతో హైదరాబాదు పోతున్న అంబులెన్సులను ఇక్కడ ఆపేశారు, తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ కదల్లేదు. ధాన్యం కోతలప్పుడు అవతల రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర లారీలు ఆపుతారు. ఆగి ఉన్న ఒక డ్రైవరును పలకరిస్తే, "రెండు పక్కలా మా చుట్టాలే సార్, కాగితాలు మాత్రం చుట్టాలు కావు" అన్నాడు.

మునగాల చేరేసరికి సాయంత్రమైంది. పరగణా రాజుల కోట ఉన్న నడిగూడెం ఇక్కడికి దగ్గరే. పింగళి వెంకయ్య కొన్నేళ్లు రాజా ఆశ్రయంలో అక్కడే ఉండి పత్తి సాగు మీద ప్రయోగాలు చేశాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మునగాల నల్లగొండ జిల్లాకు పోయింది, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. నందిగామ, జగ్గయ్యపేటలు 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. కృష్ణా అనే పేరు ఇక్కడ ఏ కాగితం మీదా లేదు.

అయిదు రోజుల విజయగాథ చెప్పేవాళ్లు సాధారణంగా 18తో ఆపేస్తారు. ఆ తర్వాతి సంగతులు లెక్కలోకి రావు. పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ ఆ ఏడాది చివర్లో సంస్థానంలో తిరిగి, ఈ చర్య సమయంలోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని నెహ్రూకు నివేదిక ఇచ్చారు. చచ్చిపోయినవాళ్లు ఎక్కువగా మరాఠ్వాడా, బీదరు, గుల్బర్గా ప్రాంతాల ముస్లిములు. ఆ కాగితం జనం చేతికి రావడానికి 2013 దాకా పట్టింది. తెలుగు జిల్లాల్లో సైన్యం తుపాకులు కమ్యూనిస్టుల వైపు తిరిగాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా మూడేళ్లు అదే యుద్ధం. రజాకార్ల నుంచి తప్పించుకు వచ్చి జగ్గయ్యపేట చావిళ్లలో తలదాచుకున్నవాళ్లలో కొందరు మళ్లీ అడవి పట్టారు. ఏటా సెప్టెంబరు 17న అది విమోచనమా, విలీనమా, సమైక్యతా అని పార్టీలు కొట్టుకుంటాయి. ఈ ఊళ్లలో ఎవర్నీ అడగరు.

ఒకే ఒక్కసారి మాత్రం అడిగారు. సరిహద్దు క్యాంపుల్లో పనిచేసినవాళ్లనూ స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తించి పింఛను ఇస్తామని కేంద్ర ప్రభుత్వం ముందుకొచ్చినప్పుడు. ముందు కొన్ని క్యాంపుల పేర్లు ఒప్పుకున్నారు, తర్వాత మరికొన్ని చేర్చారు. అప్పటికి నాలుగైదు దశాబ్దాలు గడిచాయి. ఫలానా నెలల్లో ఫలానా క్యాంపులో ఉన్నానని, తనతో ఉన్న మరొకరి సాక్ష్యం తెమ్మన్నారు. క్యాంపులకు హాజరుపట్టీలు ఎక్కడివి? నిజమైన వాళ్లలో చాలామందికి సాక్షులే మిగల్లేదు. మిగిలిన సాక్షుల్లో కొందరు అడిగినవాళ్లందరికీ సంతకాలు పెట్టేశారు. దొంగ దరఖాస్తుల గొడవ విచారణల దాకా, హైకోర్టు దాకా పోయింది. పేటలో నేను కలిసిన తాత దరఖాస్తే పెట్టలేదట. ఎందుకని అడిగితే, "అన్నం వండింది మా అమ్మ కదండీ, నేను తిన్నవాణ్ణేగా" అన్నాడు.